చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ బుకింగ్ వ్యవస్థ: ఎంచుకునేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యూటీ పార్లర్, దంతవైద్యుల క్లినిక్, ఫంక్షన్ హాల్, బాక్స్ క్రికెట్ టర్ఫ్, అరకు వైపు నాలుగైదు గదుల హోమ్‌స్టే వంటి వ్యాపారాలు నడుపుకునేవారిని ఉద్దేశించి ఈ సమాధానాలు రాశాం. వీటన్నిటికీ ఆధారం ఒక్కటే. ఫోన్‌లో వచ్చినా, ఆన్‌లైన్‌లో వచ్చినా, మనిషి నేరుగా వచ్చి అడిగినా ప్రతి బుకింగూ ఒకే పుస్తకంలోకి ఎక్కాలి. ఆ పుస్తకం నిజం చెప్పనప్పుడు తక్కిన సదుపాయాలు ఎన్ని ఉన్నా ఉపయోగం లేదు.

మా వ్యాపారానికి ఆన్‌లైన్ బుకింగ్ అసలు అవసరమా?

అందరికీ అవసరం లేదు. వచ్చినవారు వచ్చినట్టు కూర్చుని పని చేయించుకుని వెళ్లే చోట, అంటే టిఫిన్ సెంటర్, జిరాక్స్ షాపు, వీధి చివరి కటింగ్ షాపు వంటి చోట్ల, బుకింగ్ పెడితే పని పెరుగుతుందే తప్ప తగ్గదు. చేతులు ఖాళీ లేని సమయంలోనే ఫోన్ మోగే వ్యాపారాలకు మాత్రం ఇది నిజంగా పనికొస్తుంది. ఫేషియల్ చేస్తున్న బ్యూటీషియన్ గానీ, పన్ను తీస్తున్న డాక్టర్ గానీ ఫోన్ ఎత్తలేరు. అటువైపు మనిషి రెండుసార్లు చూసి, గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే తరువాతి నంబరుకు చేస్తారు.

నిర్ణయించుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. రెండు వారాలపాటు వచ్చిన ప్రతి కాల్‌నూ రిజిస్టర్‌లో రాసి, ఎదురుగా ఎందుకు చేశారో రాయండి. "ఖాళీ ఉందా", "ఎంతసేపు పడుతుంది", "రేటెంత" అన్నవే ఎక్కువగా కనిపిస్తే వాటికి ఒక బుకింగ్ పేజీ జవాబు చెప్పగలదు. "డాక్టరు గారితో ఒక్క నిమిషం మాట్లాడాలి" అన్నవే ఎక్కువైతే ముందుగా ఫోన్ ఎత్తే మనిషిని పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ సంగతి తరువాత చూడవచ్చు.

పెద్దవాళ్లకు ఇది అలవాటు కాదేమో అన్న సందేహం చాలామందిలో ఉంటుంది. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి, పాస్‌పోర్టుకు, డ్రైవింగ్ లైసెన్సుకు స్లాట్ తీసుకుని వెళ్లడం మన ఇళ్లలో ఎప్పుడో అలవాటైపోయింది. పెద్దవారు స్వయంగా చేయకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు చేసిపెడతారు.

వాట్సాప్‌లోనే బుకింగులు తీసుకుంటున్నాం. అది చాలదా?

రోజుకు వచ్చేవి కొద్ది బుకింగులై, జవాబిచ్చేది ఒకే మనిషి అయితే చాలు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, కస్టమర్‌కు కొత్తగా నేర్చుకోవలసింది కూడా ఏమీ లేదు.

ఇబ్బంది రెండో మనిషి చేరినప్పుడు మొదలవుతుంది. సందేశాలు వచ్చిన క్రమంలో ఉంటాయే గానీ అపాయింట్‌మెంట్ల క్రమంలో ఉండవు. శనివారం సాయంత్రం 5 గంటలకు ఖాళీ ఉందో లేదో చెప్పాలంటే పది చాట్లు తెరిచి చూడాలి. షాపులోని అమ్మాయి ఒక కస్టమర్‌కు "సరే అక్కా, రండి" అని పంపిన అదే గంటకు, ఇంటి నుంచి ఓనర్ మరొకరికి "తప్పకుండా మేడమ్" అని పంపుతారు. ఇద్దరూ సమయానికే వస్తారు, కుర్చీ ఒక్కటే ఉంటుంది.

మధ్యేమార్గంగా, మాటలు వాట్సాప్‌లో ఉంచి పుస్తకాన్ని మాత్రం గూగుల్ క్యాలెండర్‌లోకి మార్చవచ్చు. వ్యక్తిగత ఖాతాతో కూడా అందులో ఒక బుకింగ్ పేజీ తయారుచేసుకునే వీలుంది. ఆ లింకును గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, వాట్సాప్ ఆటోమేటిక్ జవాబులో పెడితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఆరంభం అవుతుంది. కొంతకాలం దీనితో నడిపినవారికి తమకు నిజంగా ఏం కావాలో తెలిసి ఉంటుంది కనుక, తరువాత డబ్బు పెట్టి కొనేటప్పుడు ఆచితూచి కొంటారు.

బుకింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకటేనా? ఏ రకం ఎవరికి సరిపోతుంది?

ఒకటి కావు, పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. మీరు అమ్ముతున్నది ఒక మనిషి సమయమా, ఒక స్థలమా, ఒక రాత్రి బసా అన్నది మొదట తేల్చుకోవాలి. కాలెండ్లీ, జోహో బుకింగ్స్, సెట్‌మోర్ వంటివి ప్రధానంగా మనిషి సమయాన్ని పంచేవి. టర్ఫ్‌కు, హాలుకు స్థలాన్ని పంచేవి కావాలి. హోమ్‌స్టేకు రాత్రులను లెక్కపెట్టేవి కావాలి.

పార్లర్ సంగతి చూడండి. జుట్టుకు రంగు వేశాక అది పట్టడానికి అరగంటకు పైగా పడుతుంది; ఆ సమయంలో కుర్చీ ఖాళీ ఉండదు గానీ బ్యూటీషియన్ ఖాళీగానే ఉంటుంది, ఈలోగా మరొకరికి ఐబ్రోస్ చేయగలదు. మనిషినీ కుర్చీనీ వేరువేరుగా లెక్కించగల సాఫ్ట్‌వేర్ మాత్రమే ఆ అరగంటను అమ్ముకోనిస్తుంది. తక్కినవి రంగు వేసే పనికి పట్టే గంటన్నర మొత్తాన్నీ మూసేస్తాయి. క్లినిక్‌కు మరో అవసరం ఉంటుంది. రూట్ కెనాల్‌కు రెండు మూడు సిట్టింగులు పడతాయి కనుక వాటిని ఒకేసారి, మధ్యలో కావలసినన్ని రోజుల ఎడంతో బుక్ చేయగలగాలి.

ఫంక్షన్ హాల్ లెక్క పూర్తిగా వేరు. ముహూర్తం 12వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 15 నిమిషాలకు ఉంటే హాలు 11 సాయంత్రం నుంచే కావాలి, 12 మధ్యాహ్నం భోజనాలయ్యాక గానీ ఖాళీ కాదు. తేదీని రోజు లెక్కన అమ్మే సాఫ్ట్‌వేర్ దీన్ని 12వ తేదీ బుకింగ్‌గా రాసుకుని, 11 రాత్రి రిసెప్షన్‌కు మరొకరికి ఇచ్చేస్తుంది. కాబట్టి బుకింగ్ మొదలయ్యే గంట, ముగిసే గంట మీరే నిర్ణయించే వీలు, మధ్యలో శుభ్రం చేయడానికి కొన్ని గంటలు వదిలే వీలు తప్పనిసరిగా ఉండాలి. పంతులు గారిని అడిగి ఖాయం చేస్తామంటూ తేదీని రెండు రోజులు ఆపి ఉంచమనేవారు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు గనుక, అడ్వాన్స్ రాకపోతే గడువు తరువాత దానంతట అదే విడిపోయే 'హోల్డ్' సదుపాయం కూడా అడగండి. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ ఒక రేటు, ముహూర్తాలున్న ఆదివారాల్లో మరో రేటు పెట్టే వీలు ఉందో లేదో చూడండి.

ఫోన్ చేసేవారు, నేరుగా వచ్చేవారు ఎక్కువ. వారి సంగతేమిటి?

సాఫ్ట్‌వేర్ నిలిచేదీ కూలేదీ ఇక్కడే. డెమో ఇవ్వడానికి వచ్చే సేల్స్ ప్రతినిధి కస్టమర్‌కు కనిపించే పేజీ ఎంత అందంగా ఉందో చూపిస్తారు. మీరు మాత్రం రిసెప్షన్‌లో కూర్చునే మనిషికి కనిపించే తెరను చూపించమనండి. ఒక చెవిన ఫోన్ పెట్టుకుని, ఎదురుగా ఇంకొకరు నిలబడి ఉండగా, కొత్త బుకింగ్ నమోదు చేయడానికి ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టండి. పేరు, ఫోన్ నంబరు, ఏ పని, ఎప్పుడు అన్న నాలుగు వివరాలతో పని ముగిస్తే మంచిదే.

విదేశాల్లో తయారైన చాలా సాఫ్ట్‌వేర్లు ఈమెయిల్ తప్పనిసరి చేస్తాయి. మన దగ్గర ఫోన్‌లో బుక్ చేసుకునేవారెవరూ ఈమెయిల్ చెప్పరు. అప్పుడు రిసెప్షనిస్టు అందరికీ షాపు ఈమెయిలే కొట్టి పంపించేస్తుంది. నెల తిరిగేసరికి వంద మంది కస్టమర్లు ఒకే మనిషిగా కలిసిపోతారు, గుర్తుచేసే సందేశాలన్నీ ఓనర్ ఇన్‌బాక్స్‌లో పడతాయి. ఆ గడిని ఐచ్ఛికం చేసే వీలు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టవచ్చు.

నమోదు కష్టమైతే సిబ్బంది పాత డైరీకి వెళ్లిపోతారు. అప్పుడు ఫోన్ బుకింగులు డైరీలో, ఆన్‌లైన్ బుకింగులు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, రెండూ సగం సగం నిజమే చెబుతాయి. ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టేనాటికి ప్రైవేటు బస్సుల పరిస్థితి ఇదే: ఏ సీటు ఖాళీగా ఉందో తెలియాలంటే ఏజెంటు ఆపరేటర్‌కు ఫోన్ చేసి అడగాల్సిందే. సీట్ల పట్టిక అందరికీ ఒకే చోట కనిపించడం మొదలయ్యాకే ఆన్‌లైన్ టికెట్‌కు నమ్మకం వచ్చింది. మీ నాలుగు కుర్చీల పార్లర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

కరెంటు పోవడం, నెట్ ఆగిపోవడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి ఉదయం ఆ రోజు జాబితాను ప్రింటు తీసో, ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గానో ఉంచుకోవడం మంచి అలవాటు.

ప్రాక్టో, ప్లేయో, ఎయిర్‌బీఎన్‌బీ వంటి వేదికల్లో చేరితే సరిపోదా?

డాక్టర్లకు ప్రాక్టో, ఆట మైదానాలకు ప్లేయో, బసకు ఎయిర్‌బీఎన్‌బీ; కొత్త వ్యాపారానికి ఇవి కస్టమర్లను తెస్తాయి, అందులో సందేహం లేదు. బదులుగా కమీషన్ గానీ చందా గానీ తీసుకుంటాయి, మీ పేరు పక్కనే మీ పోటీదారుల పేర్లూ చూపిస్తాయి. మా అభిప్రాయంలో వాటిని కొత్తవారు వచ్చే దారిగా వాడుకుని, రెండోసారి వచ్చేవారికి మీ సొంత బుకింగ్ లింకు ఇవ్వడం మంచిది. అయితే వేదిక నిబంధనలు అందుకు ఒప్పుకుంటున్నాయో లేదో ముందే చదవండి.

రెండు మూడు వేదికల్లో గదులు పెట్టే హోమ్‌స్టేలకు ఒక హెచ్చరిక. ఐక్యాల్ లింకుతో (ఒక వేదిక క్యాలెండర్‌ను మరో వేదిక చదివేలా చేసే లింకు) క్యాలెండర్లను కలిపితే ఒకచోట జరిగిన బుకింగ్ మరోచోట వెంటనే కనిపించదు, కొన్ని గంటలు పట్టవచ్చు. కార్తీక మాసంలోనో, సంక్రాంతి సెలవుల్లోనో ఆ కొద్ది గంటల్లోనే ఒకే గది ఇద్దరికి అమ్ముడవుతుంది. రద్దీ రోజులకు ఒక వేదికను మాత్రమే తెరిచి ఉంచండి, లేదా వేదికలతో నేరుగా అనుసంధానమై అన్నిచోట్లా ఖాళీలను మార్చే 'ఛానెల్ మేనేజర్' సాఫ్ట్‌వేర్ తీసుకోండి.

మొత్తం ఖర్చు ఎంతవుతుంది?

ప్రకటనలో కనిపించే నెలవారీ చందా ఒక భాగం మాత్రమే. చాలా కంపెనీలు ఆ చందాను మనిషికి ఇంత అని లెక్కిస్తాయి కనుక, నలుగురు సిబ్బంది ఉన్న పార్లర్‌కు అది నాలుగింతలు కావచ్చు. పేమెంట్ గేట్‌వేలు (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకుని మీ ఖాతాకు చేర్చే సంస్థలు) సాధారణంగా లావాదేవీపై 2 శాతం వరకు రుసుము, ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు, రూపే డెబిట్ కార్డులకు 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ (చెల్లింపుపై వ్యాపారి నుంచి తీసుకునే రుసుము) లేదు. అయినా గేట్‌వే కంపెనీ తన సేవకు వేరే పేరుతో రుసుము వేసే అవకాశం ఉంది కాబట్టి యూపీఐకి ఎంత పడుతుందో రాతపూర్వకంగా అడగండి.

డాలర్లలో చందా తీసుకునే విదేశీ సాఫ్ట్‌వేర్ల విషయంలో మారకపు రుసుము అదనం. పైగా కార్డు నుంచి ప్రతినెలా దానంతట అదే జరిగే చెల్లింపులకు 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి నమోదు కావాలి. ఆ ఏర్పాటు లేని విదేశీ కంపెనీకి చెల్లింపు ఆగిపోతే, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో బుకింగ్ పేజీ మూతపడవచ్చు.

ఉచిత ప్లాన్‌తో నడిపించవచ్చా?

ఒక్కరే పనిచేసే చోట నడిపించవచ్చు. ఉచిత ప్లాన్లలో సాధారణంగా ఎస్ఎంఎస్, చెల్లింపులు, రెండో సిబ్బంది క్యాలెండర్ ఉండవు. డేటా దించుకునే సదుపాయం కూడా లేకపోతే మాత్రం వద్దు.

బుక్ చేసుకుని రానివారి బెడద తగ్గాలంటే అడ్వాన్స్ తీసుకోవాలా?

బ్రైడల్ మేకప్, హాలు, టర్ఫ్, గది వంటి పెద్ద బుకింగులకు తీసుకోవలసిందే. ఐబ్రోస్‌కు, మామూలు చెకప్‌కు అడ్వాన్స్ అడిగితే ఉన్న కస్టమరే వెళ్లిపోతారు; అటువంటి వాటికి ముందురోజు ఒక సందేశం చాలు.

అడ్వాన్స్‌ను గోడ మీది క్యూఆర్ కోడ్‌కు పంపించమని, స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయమనే పద్ధతి మానుకోండి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం ఇప్పుడు పిల్లల పని. అసలైన స్క్రీన్‌షాట్ వచ్చినా ఆ డబ్బు ఏ బుకింగ్‌కు సంబంధించినదో సాయంత్రం లెక్క చూసుకునేటప్పుడు తేలదు. చెల్లింపు అందిన తరువాతే స్లాట్ ఖాయమయ్యే వ్యవస్థ ఉంటే ఈ రెండు తలనొప్పులూ తప్పుతాయి. కార్డు నంబర్లు రిజిస్టర్‌లో రాసి పెట్టుకోవడం ఎంతమాత్రం కూడదు; 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు వాటిని నిల్వ చేయడానికి వీల్లేదు.

రద్దు నియమాన్ని చెల్లింపు బటన్‌కు పైనే, స్పష్టమైన తెలుగులో రాయండి. "24 గంటల ముందు చెబితే పూర్తి మొత్తం వాపసు, ఆ తరువాత వాపసు లేదు, తేదీ ఒకసారి మార్చుకోవచ్చు" అన్నంత సూటిగా ఉంటే వాదనలు తగ్గుతాయి.

జీఎస్టీ నమోదు ఉన్నవారు మరో సంగతి గమనించాలి. సేవలకు తీసుకున్న అడ్వాన్స్‌పై, అది చేతికందినప్పుడే పన్ను బాధ్యత వస్తుంది, అందుకు రిసీట్ వోచర్ ఇవ్వాలి, వాపసు చేస్తే రిఫండ్ వోచర్ ఇవ్వాలి. సేవల వ్యాపారంలో వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నమోదు తప్పనిసరి. బ్యూటీ పార్లర్ సేవలపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేని 5 శాతానికి తగ్గింది. సాఫ్ట్‌వేర్‌లో పాత రేటు అలాగే ఉండిపోయిందేమో చూసుకుని, సందేహముంటే మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

గుర్తుచేసే సందేశాలు తెలుగులో పంపవచ్చా?

పంపవచ్చు, కానీ ఎస్ఎంఎస్ ఖర్చు ముందే లెక్క వేసుకోండి. ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 స్థానాలే ఉంటాయి, అంతకు మించితే ఒక సందేశానికి రెండు మూడు సందేశాల రుసుము పడుతుంది. పైగా స్థానాలను మనం చదివే అక్షరాల లెక్కన చూడరు. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ఆరు స్థానాలు తీసుకుంటుంది. కాబట్టి "రేపు ఉ. 10:30కి మీ అపాయింట్‌మెంట్" అన్నంత పొట్టిగా రాసుకోవాలి.

వ్యాపార ఎస్ఎంఎస్‌లు పంపేవారు టెలికాం సంస్థలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వేదికలో తమ వ్యాపారాన్నీ, పంపేవారి పేరునూ, సందేశ నమూనానూ నమోదు చేయించుకోవాలి. ఆ పని సాఫ్ట్‌వేర్ కంపెనీ చేస్తుందా, మీరే చేసుకోవాలా అని అడగండి. ఈ ప్రశ్నకు తడబడే కంపెనీ ఎస్ఎంఎస్‌లు ఇక్కడి ఫోన్లకు చేరతాయన్న నమ్మకం లేదు.

వాట్సాప్ సందేశాలకు అక్షరాల బెడద లేదు. యాప్ నుంచి చేత్తో పంపితే ఖర్చు లేదు. సాఫ్ట్‌వేర్ నుంచి వాటంతట అవే వెళ్లాలంటే ముందుగా ఆమోదం పొందిన నమూనా కావాలి, 2025 జులై నుంచి వాటికి సందేశం లెక్కన రుసుము ఉంది. అపాయింట్‌మెంట్ గుర్తుచేసే సందేశం కంటే ఆఫర్ల ప్రచార సందేశం రుసుము ఎక్కువ.

పేర్లు, తేదీలు, సమయాల విషయంలో చూడవలసినవి ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి, డెమోలో ఇవేవీ బయటపడవు. అమెరికా పద్ధతిలో 05/06 అంటే మే 6, మనకు జూన్ 5. తేదీ పక్కన నెల పేరు అక్షరాల్లో కనిపించేలా అమర్చండి, వారం కూడా కనిపిస్తే ఇంకా మంచిది. పేరుకు రెండు గడులు పెట్టి రెండూ తప్పనిసరి చేస్తే ఇంటిపేరు ఎక్కడ రాయాలో తెలియక ఒకే మనిషి రెండుసార్లు రెండు పేర్లుగా నమోదవుతారు. ఒకే గడి ఉంచి, మనిషిని ఫోన్ నంబరుతో గుర్తించే వ్యవస్థ మనకు నయం.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు గుంటూరులోని తల్లిదండ్రులకు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం ఇప్పుడు మామూలే. చాలా బుకింగ్ పేజీలు చూసేవారి ఊరి సమయాన్ని చూపిస్తాయి. ఇక్కడ ఉదయం 10:30 అంటే న్యూజెర్సీలో చలికాలంలో అర్ధరాత్రి 12, వేసవిలో ఒంటిగంట. కొడుకు తన తెర మీద చూసిన గంటే అమ్మకు ఫోన్‌లో చెబితే ఆమె క్లినిక్ తలుపు ముందు తాళం చూసి తిరిగి వెళ్తుంది. మనిషి స్వయంగా రావలసిన సేవలకు ఎక్కడి నుంచి చూసినా భారత కాలమానమే కనిపించేలా అమర్చే వీలు ఉండాలి.

కస్టమర్ల వివరాల విషయంలో చట్టం ఏమంటుంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి అనుమతి తీసుకోవాలి. ఆ సమాచారాన్ని ఇంగ్లీషులో గానీ, తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలు కల్పించాలి. భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. డ్యాన్స్ క్లాసు, ఈత శిక్షణ వంటివి నడిపేవారు 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లి గానీ తండ్రి గానీ ఇచ్చిన అనుమతి తీసుకోవాలి.

ఆచరణలో చేయవలసింది తక్కువ అడగడం. హెయిర్ కట్‌కు పుట్టినరోజు, ఇంటి చిరునామా ఎందుకు? సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ వేరే లాగిన్ ఇవ్వండి, మానేసిన రోజే దాన్ని తీసేయండి. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడే చోట కస్టమర్ల నంబర్లన్నీ కొత్తగా తెరిచిన పక్క పార్లర్‌కు చేరడం తరచుగా జరిగేదే.

తెలిసిన కుర్రాడితో సొంతంగా సాఫ్ట్‌వేర్ చేయించుకోవచ్చా?

ఒకే స్లాట్‌ను ఇద్దరు ఒకే క్షణంలో నొక్కినప్పుడు ఒకరికే దక్కేలా చేయడం, చెల్లింపు మధ్యలో ఆగితే స్లాట్‌ను విడిపించడం పైకి కనిపించేంత తేలిక కాదు. చేసిపెట్టిన కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక మరమ్మతు ఎవరు చేస్తారన్నది రెండో ప్రశ్న. హాలు వంటి ప్రత్యేక అవసరాలుండి, తయారుగా దొరికేవేవీ సరిపోకపోతే తప్ప మేం సిఫారసు చేయం.

డబ్బు కట్టేముందు ఎలా పరీక్షించాలి? తరువాత మానేయాలంటే?

ట్రయల్ సమయంలో రెండు ఫోన్లతో ఒకే స్లాట్‌ను ఒకేసారి బుక్ చేసి చూడండి. ఒక బుకింగ్‌కు ఒక రూపాయి నిజంగా కట్టి, రద్దు చేసి, వాపసు ఎన్ని రోజులకు వచ్చిందో చూడండి. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, ఇంట్లో పెద్దవారి చేత బుక్ చేయించండి, పక్కన నిలబడి చెప్పకండి. సహాయ కేంద్రానికి ఆదివారం ఉదయం ఫోన్ చేయండి, ఎందుకంటే మీకు రద్దీ ఉండేది ఆ రోజే.

చివరగా డేటాను సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించి తెరవండి. ఎక్సెల్‌లో తెలుగు పేర్లు గజిబిజి గుర్తులుగా కనిపిస్తే కంగారు పడవద్దు. ఫైలును డేటా మెనూ నుంచి దిగుమతి చేస్తూ యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిని ఎంచుకుంటే సరిగా వస్తాయి. పేర్లు, నంబర్లు, పాత బుకింగులు, రావలసి ఉన్న అడ్వాన్సులు అన్నీ అందులో ఉన్నాయో లేదో చూడండి. అవి లేకుండా కేవలం పేర్ల జాబితా మాత్రమే ఇచ్చే కంపెనీకి ఏడాది చందా ఒకేసారి కట్టవద్దు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా నెలనెలా కట్టే ప్లాన్‌లోనే ఉండండి. వ్యవస్థ మార్చేటప్పుడు కొత్త బుకింగులను కొత్త దానిలోకే తీసుకుంటూ, పాతదానిలో మిగిలినవాటిని ఒకే రాత్రి కూర్చుని అందులోకి ఎక్కించండి. రెండు పుస్తకాలు పక్కపక్కన నడిపే రోజులు ఎంత తగ్గితే అంత మంచిది.